గడప దాటిన వైద్యం

గుంటూరు పట్టణంలో కుగ్లర్ ఆసుపత్రి పేరు విననివారు అరుదు. అయితే కుగ్లర్ అన్నది ఒక స్త్రీ ఇంటిపేరనీ, ఆమె సప్తసముద్రాలు దాటి వచ్చి నలభై ఆరేళ్లకు పైగా ఈ ప్రాంతపు తల్లులకు, పసికందులకు చికిత్స చేసిందనీ ఎరిగినవారు కొద్దిమందే. ఆమె పూర్తి పేరు అన్నా సారా కుగ్లర్. ఆమె చేసిన పనిలోని కష్టం అర్థం కావాలంటే, ఆమె వచ్చిననాటి గుంటూరు సీమలో పురుడు ఎలా జరిగేదో ముందు తెలుసుకోవాలి.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదంలో ఇప్పటి గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. ప్రత్యేక జిల్లాగా అది 1904లో ఏర్పడింది. ఒంగోలు కేంద్రంగా మరో జిల్లా ఏర్పడి ప్రకాశం పేరు ధరించడం 1970 తరువాతి ముచ్చట. నల్లరేగడి భూములలో జొన్న, పత్తి, మిరప పండించే పల్లెలవి. 1832-33 నాటి డొక్కల కరువును పెద్దలు కథలుగా చెప్పుకొనేవారు. 1876-78 నాటి మహాక్షామం గాయమైతే ఇంకా పచ్చిగానే ఉంది. వర్షాకాలంలో బండి చక్రాలు ఇరుసు దాకా బురదలో దిగబడేవి. నొప్పులు పడుతున్న స్త్రీని బండిమీద పట్టణానికి తీసుకురావాలన్న ఆలోచన కూడా ఎవరికీ తోచేది కాదు. తీసుకువచ్చినా చూపించడానికి స్త్రీ వైద్యురాలు ఎక్కడ ఉంది?

ఆనాడు మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో రెండు వందల మందికి పైగా తొలి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. మృత్యువు అన్ని ఇళ్లలోనూ ఉండేది గాని, అది ప్రవేశించే దారులు ఇంటినిబట్టి మారేవి. పెద్ద కులాల ఇళ్లలో బాలింతను గాలి, వెలుతురు చొరని గదిలో ఉంచేవారు. ఆమెకు అంటు. ఆమె పడుకొనే చాప, కట్టుకొనే గుడ్డ కూడా ఇంట్లో అన్నిటికంటె పాతవే. మైలపడినా పారవేయడానికి వీలుగా వాటిని ఎంచేవారు. పల్లె వెలుపలి వాడలలో స్థితి వేరు. అక్కడి స్త్రీ పత్తి ఏరుతూ, మిరపకాయలు కోస్తూ నెలలు నిండేదాకా పొలంలోనే ఉండేది. కూలికి పోకపోతే గంజి కాగదు కాబట్టి కాన్పు అయిన కొద్ది దినాలకే మళ్లీ చేలోకి దిగేది. ఒకచోట ఆచారం, మరొకచోట ఆకలి. రెండుచోట్లా బిడ్డ బొడ్డు కోసేది అందుబాటులో ఉన్న కొడవలితోనో కత్తితోనో. ఆ గాయం ద్వారా ధనుర్వాతపు క్రిములు ప్రవేశించి, పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఏడ్చిన బిడ్డ వారం తిరగకముందే దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక మరణించేది. దానిని గాలి సోకడమనీ, దృష్టిదోషమనీ అనుకునేవారు.

ఇందుకు మంత్రసానిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆమె అనుభవజ్ఞురాలు. అర్ధరాత్రి పిలిచినా వచ్చేది. చేతులకు అంటే క్రిముల సంగతి ఆమెకు తెలియదన్నది నిజమే గాని, అది యూరపులోని పండితులకు తెలిసి ఎంతో కాలం కాలేదు. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. వైద్యులు, వైద్యవిద్యార్థులు కాన్పులు చేసే వార్డులో బాలింత జ్వరంతో మరణించే తల్లులు, మంత్రసానులు కాన్పులు చేసే వార్డులో కంటె చాలా ఎక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుడు పోయడం అందుకు కారణమని గ్రహించి, చేతులు కడుక్కోవాలని ఆయన నిర్బంధించాడు. తోటి వైద్యులు ఆయన మాటను చాలాకాలం మన్నించలేదు. లిస్టర్ శస్త్రచికిత్సలో కార్బాలిక్ ఆమ్లం వాడకాన్ని 1867లో లోకానికి తెలిపిన తరువాత గాని పరిశుభ్రత వైద్యశాస్త్రంలో నియమంగా స్థిరపడటం మొదలుకాలేదు. అన్నా కుగ్లర్ వైద్యవిద్యార్థిని అయినది ఆ సంధికాలంలోనే.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊరిలో జన్మించారు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టభద్రులయ్యారు. 1850లో స్థాపితమైన ఆ కళాశాల, స్త్రీలకు వైద్యం నేర్పిన తొలి సంస్థలలో ఒకటి. మన దేశపు తొలి వైద్యురాలిగా పేరొందిన ఆనందీబాయి జోషీ 1886లో పట్టం పుచ్చుకున్నది అక్కడే. ఆ యువతి స్వదేశానికి వచ్చి కొద్ది నెలలకే, 1887 ఫిబ్రవరిలో, క్షయతో మరణించడం మన వైద్యచరిత్రలో ఒక తీరని లోటు.

ఆ కళాశాలకు సంబంధించిన మరొక పేరు కూడా ఇక్కడ స్మరించదగినది. రెబెకా కోల్ అనే నల్లజాతి మహిళ 1867లో అక్కడ పట్టం పొందారు. అమెరికాలో వైద్యపట్టం పొందిన రెండవ నల్లజాతి స్త్రీ ఆమె. ఆమె ఆసుపత్రి గదిలో కూర్చుండిపోలేదు. న్యూయార్కు నగరపు పేదల ఇరుకు ఇళ్ల మెట్లెక్కి, గర్భిణులకూ బాలింతలకూ పరిశుభ్రత, శిశుపోషణ బోధిస్తూ తిరిగారు. తరువాత ఫిలడెల్ఫియాలో పేద స్త్రీలకు వైద్యసహాయం, న్యాయసహాయం అందించే కేంద్రాన్ని 1873లో మరొక వైద్యురాలితో కలిసి నెలకొల్పారు. నల్లజాతివారిలో మరణాలు అధికంగా ఉండటానికి వారి అజ్ఞానమే కారణమని కొందరు వాదించినప్పుడు, ఇరుకైన ఇళ్లు, అధికమైన అద్దెలు, పేదరికం వంటి వాటిని ఆమె ఎత్తిచూపారు. ఆ సమస్య అక్కడ ఇప్పటికీ తీరలేదు. 2022 లెక్కల ప్రకారం అమెరికాలో తెల్లజాతి శిశువులలో వెయ్యికి నలుగురైదుగురు మరణిస్తుంటే, నల్లజాతి శిశువులలో దాదాపు పదకొండు మంది మరణించారు. అక్కడ జాతిభేదం చేసిన పనినే ఇక్కడ కులభేదం చేసింది. ఇంటి గడప దాటి లోపలికి వెళ్లే వైద్యం కావాలన్నది రెండుచోట్లా ఒక్కటే.

పట్టం పొందిన పిమ్మట కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని రాష్ట్ర మానసిక చికిత్సాలయంలో పనిచేశారు. అక్కడి స్త్రీల విభాగానికి అప్పుడు ఆలిస్ బెన్నెట్ అనే వైద్యురాలు అధిపతి. ఒక స్త్రీ అటువంటి పదవిలో ఉండటమే ఆ రోజులలో అబ్బురం. అక్కడ ఉండగా గుంటూరు నుండి ఆడమ్ రో అనే లూథరన్ మిషనరీ వ్రాసిన లేఖ ఆమెకు అందింది. గుంటూరు స్త్రీలకు ఒక వైద్యురాలి అవసరం ఎంత ఉన్నదో అందులో ఉంది. గుంటూరులో లూథరన్ మిషన్‌ను హయ్యర్ అనే మతాచార్యుడు 1842లో ప్రారంభించాడు. ఆయన కూడా తరువాత వైద్యవిద్య నేర్చినవాడే. అయినా నాలుగు దశాబ్దాలు గడిచినా ఘోషాలోని స్త్రీల దాకా వైద్యం చేరలేదు. పరపురుషుడు నాడి పట్టి చూడటానికి వీలులేని ఇళ్లవి.

కుగ్లర్ వస్తానన్నారు. కాని ఆమె సంఘంలోని మహిళా సమితి అందుకు వెంటనే సిద్ధపడలేదు. వైద్య సేవాకార్యం చేపట్టే స్థితిలో తాము లేమని భావించి, స్త్రీలకు చదువు చెప్పే పనికోసం ఆమెను పంపింది. పట్టభద్రురాలైన వైద్యురాలిని ఉపాధ్యాయినిగా పంపడం విచిత్రమే. ఆమె ఆ నియమానికి అంగీకరించి 1883 ఆగస్టులో ఓడ ఎక్కారు. ఆ సంవత్సరాంతానికి గుంటూరు చేరారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏడు.

పాఠాలు చెప్పడానికి వెళ్లిన ఇంటిలో పసిబిడ్డ జ్వరంతో మూలుగుతూ ఉంటే వైద్యురాలు పుస్తకం తెరిచి కూర్చోగలదా? బోధన సాగుతూనే ఉంది, చికిత్సా సాగింది. తాము నివసించే ఇంటికి వచ్చినవారిని, తాను ఇళ్లకు వెళ్లి చూసినవారిని కలుపుకొంటే మొదటి ఏడాదిలోనే ఆమె వద్ద చికిత్స పొందినవారు నాలుగు వందలకు పైబడ్డారు. సమితి చివరకు మనసు మార్చుకొంది. 1885 డిసెంబరులో ఆమెను వైద్యసేవకే అధికారికంగా నియమించింది. మరుసటి సంవత్సరం గుంటూరులో చిన్న వైద్యశాల మొదలైంది.

ఇంతకంటె పెద్ద అడ్డంకి ఊరిలోనే ఉంది. కుగ్లర్ విదేశీయురాలు, అందుచేత మ్లేచ్ఛురాలు. పైగా మాల, మాదిగ వాడలకు వెళ్లి రోగులను తాకుతుంది. తాకిన ఆ చేతులతోనే తమ ఇంటి ఆడపడుచును ముట్టుకుంటుందన్నది ఆచారవంతుల అభ్యంతరం. పాలించే జాతి రంగు ఒంటిమీద ఉన్నా, పెద్ద కులాల లోగిళ్లలో ఆమె అస్పృశ్యురాలే. ఈ విషయంలో ఆమె ముందున్న తేలిక మార్గం ఒకటే. పెద్దవారి ఇళ్లకు మాత్రమే వెళ్లి వాడలను వదిలివేయడం. ఆ పని చేసి ఉంటే ధనమూ, ఆదరణా త్వరగా లభించేవి. అవసరం ఎక్కువ ఉన్నచోట వైద్యం లేకుండా పోయేది. ఆమె వాడలను విడువలేదు. లోగిళ్లు పిలిచినప్పుడు వెళ్లడమూ మానలేదు. గడప దగ్గర ఆపితే అక్కడే ఆగి, లోపలికి రమ్మన్ననాడు లోపలికి వెళ్లారు. ప్రసవం అడ్డం తిరిగి, మంత్రసాని చేతులెత్తేసి, ప్రాణం పోయేటట్లున్న రాత్రి ఆచారం సడలుతుందని ఏ వైద్యురాలికైనా తెలుసు. ఆ సడలింపును ఆమె సహనంతో వినియోగించుకున్నారు.

ఇళ్లకు వెళ్లి చేసే వైద్యానికి ఒక హద్దు ఉంది. కడుపు కోసి బిడ్డను తీయవలసివస్తే చీకటి గదిలో సాధ్యం కాదు. 1889లో సెలవుమీద స్వదేశానికి వెళ్లిన కుగ్లర్, అక్కడ ఉన్న కాలంలో ఆసుపత్రికోసం విరాళాలు కూడగట్టారు. 1891లో తిరిగి వచ్చారు. పద్దెనిమిది ఎకరాల స్థలం సమకూరింది. 1893లో వైద్యశాల భవనం, 1897 జూన్‌లో యాభై పడకల ఆసుపత్రి వెలిశాయి. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకించిన ఆసుపత్రి అది. తరువాతి సంవత్సరాలలో పిల్లల వార్డు, ప్రసూతి విభాగం, శస్త్రచికిత్సా మందిరం ఒకదాని వెంట ఒకటి చేరాయి. 1895లో డాక్టర్ మేరీ బేర్ వచ్చి ఆమెకు తోడయ్యారు. ఆ దశాబ్దంలోనే వచ్చిన కాథరిన్ ఫాస్ అనే నర్సు స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చే పనిని చేపట్టారు.

కుగ్లర్ జీవితచరిత్రలో భవనాలకంటె ఎక్కువ ఆలోచించవలసినది ఈ శిక్షణను గురించి. నెత్తురు, పురిటి మైల తాకే పని నీచమని లోకం భావించిన కాలం. గౌరవమైన కుటుంబాలు తమ కూతుళ్లను ఆ పనికి పంపవు. గుంటూరు లూథరన్ సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఆ ఇళ్ల బాలికలు, దిక్కులేని స్త్రీలు ఈ శిక్షణకు వచ్చారు. చదవడం, వ్రాయడం, జ్వరమాని చూడటం, నీళ్లు మరిగించి పనిముట్లు శుభ్రపరచడం, బొడ్డును శుభ్రమైన కత్తెరతో కోసి శుభ్రమైన దారంతో కట్టడం వారికి నేర్పారు. కొంతకాలానికి పెద్ద కులపు బాలింత పక్కన నిలిచి, ఆమె బిడ్డను మొదట చేతులలోకి తీసుకునేది ఆ బాలికలే అయ్యారు. ఊరి బావిలో నీళ్లు తోడుకోవడానికి హక్కులేని ఇంటి పిల్ల, ఊరి పెద్ద మనుమడికి తొలి స్నానం చేయించింది. ఉపన్యాసాలు చేయలేని పని కొంత ఇక్కడ నిశ్శబ్దంగా జరిగింది. కొంత మాత్రమే అన్నది కూడా మరువరాదు. ఆసుపత్రి ఆవరణ దాటిన తరువాత ఆ బాలిక మళ్లీ తన వాడకే పోవలసి వచ్చేది.

ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు ఉదంతం ఈ సందర్భంలో చెప్పదగినది. ఆయన కవి, మంజువాణి పత్రికను నడిపిన సాహిత్యపోషకుడు. ఆయన భార్యకు కుగ్లర్ చేసిన చికిత్స ఫలించి తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడ్డారు. కృతజ్ఞతగా ఆయన ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రం కట్టించాడు. దూరం నుండి వచ్చిన రోగుల బంధువులు అక్కడ బస చేసి, తమ ఆచారం ప్రకారం వంట చేసుకునేవారు. ఆసుపత్రి భోజనం ముట్టని కుటుంబాలు రోగిని తీసుకురావడానికి జంకకుండా ఈ ఏర్పాటు తోడ్పడింది. ఆచారానికి తలవంచినట్లే కదా అని ఆక్షేపించవచ్చు. సత్రంలో కులభేదం అలాగే నిలిచిందన్నది వాస్తవం. కాని రోగి పడుకొన్న మంచం ఆసుపత్రిలో ఉంది, సత్రంలో లేదు. ఆ మంచం పక్క మంచంమీద వాడనుండి వచ్చిన మరో తల్లి ఉండవచ్చు. వంట వేరుగా ఉండనిచ్చి, వైద్యాన్ని ఒక్కటిగా నిలపడం ఆనాటి పరిస్థితులలో చిన్న విజయం కాదు.

కుగ్లర్ మతప్రచార సంస్థ పంపగా వచ్చిన మహిళ. ఆ ఉద్దేశాన్ని ఆమె దాచలేదు. ఆసుపత్రిలో ప్రార్థనలు జరిగేవి. ఆంగ్ల ప్రభుత్వం ఆమెను 1905లో కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది. స్వాతంత్ర్యోద్యమకాలంలో మిషనరీలను ప్రజలు అనుమానదృష్టితో చూడటానికి ఇటువంటివి కారణాలయ్యాయి. మతాంతరీకరణ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అయితే ఆమె వైద్యానికి మతం నిబంధన కాలేదు. హిందూ, ముస్లిం స్త్రీలు తమ తమ మతాలలోనే ఉంటూ అక్కడ బిడ్డలను కన్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవల 1922లో వెలువడిన నాటికి, గుంటూరు సీమలో వాడల బాధలు సాహిత్యవస్తువయ్యాయి. అంతకు ముప్పై ఏళ్లకు పూర్వమే ఆ వాడల గుడిసెలలో ఆమె మందులపెట్టె తెరుచుకుంది.

స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలన్న ఆలోచన ఆ రోజులలో దేశమంతటా ఉంది. 1875లోనే మద్రాసు వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకుంది. 1885లో డఫరిన్ ప్రభ్వి పేరిట నిధి ఏర్పడింది. 1903లో మంత్రసానులకు శిక్షణ ఇవ్వడానికి విక్టోరియా రాణి స్మారక నిధి నెలకొంది. 1918లో వేలూరులో ఐడా స్కడ్డర్ ఆధ్వర్యంలో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభమయ్యాక, దక్షిణదేశపు బాలికలకు వైద్యవిద్య మరింత అందుబాటులోకి వచ్చింది. గుంటూరు పని ఒక్క పట్టణానికి పరిమితం కాలేదు. డాక్టర్ మేరీ బేర్ సముద్రతీరాన ఉన్న చీరాలకు వెళ్లి అక్కడి స్త్రీల ఆసుపత్రిని తీర్చిదిద్దారు. అప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, తరువాత ప్రకాశం జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరింది. నేత మగ్గాల వాడలనుండి వచ్చే తల్లులకు ఇక గుంటూరు దాకా ప్రయాణం తప్పింది.

ఆ నాటికీ నేటికీ మధ్య చాలా మారింది. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వ్యాపించి, పురిటి ధనుర్వాతాన్ని మన దేశం 2015లో అదుపులోకి తెచ్చుకున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2020 లెక్కలలో ఆంధ్రప్రదేశ్‌లో శిశుమరణాలు వెయ్యికి 24. కాని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తంమీద చూపిన లెక్క వేరొక సంగతి చెబుతుంది. షెడ్యూల్డు కులాల ఇళ్లలో వెయ్యికి 45 మంది శిశువులు మరణిస్తే, వెనుకబడిన వర్గాలకూ షెడ్యూల్డు జాతులకూ చెందని ఇతరుల ఇళ్లలో 32 మంది. మరణాలు తగ్గాయి. ఊరికీ వాడకూ మధ్య దూరం అంత వేగంగా తగ్గలేదు.

కుగ్లర్ వృద్ధాప్యంలోనూ గుంటూరును విడువలేదు. తన ఆసుపత్రి చరిత్రను తానే గ్రంథస్థం చేశారు. గుంటూరు మిషన్ హాస్పిటల్ అనే ఆ ఆంగ్ల గ్రంథం 1928లో వెలువడింది. రెండేళ్ల తరువాత, 1930 జూలై 26న, తాను నిర్మించిన ఆ ఆసుపత్రిలోనే డెబ్భై నాలుగవ ఏట ఆమె కన్నుమూశారు. ఆమె వివాహం చేసుకోలేదు. ఆ తరువాత ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. అప్పటికి ఆమె చేతులలో పుట్టిన ఆడపిల్లలలో కొందరు, తమ కూతుళ్ల కాన్పులకు అదే ఆవరణలోకి వస్తున్నారు.